నిలవనివి కూడా

మా పై వాటాలో ఉండే డాక్టరమ్మ మందులిచ్చే డాక్టరు కాదు. బూట్ల ఫ్యాక్టరీలో జిగురు వాసన పీలుస్తూ పనిచేసే ఆడవాళ్ళకు గర్భం విషయంలో అది ఏమైనా తేడా చేస్తోందా అని ఆరా తీసే డాక్టరు. ఇంటింటికీ తిరిగి అడగడానికి ఆవిడ తెచ్చుకున్న ప్రశ్నల కాగితం చూస్తే నాకు తల తిరిగింది. "పునరుత్పత్తి చరిత్ర" అట. నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నదాన్ని. ఎర్ర పెన్ను పట్టుకుని ముప్ఫై రెండు ప్రశ్నలనూ మనుషులు మాట్లాడుకునే మాటల్లోకి దించాను. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నక్కా" అంది ఆవిడ. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇరవై మూడు ఇళ్ళు అయ్యాక, ఇరవై నాలుగో కాగితం మా చెల్లిది. అదే ఫ్యాక్టరీలో, బూటు అడుగులకు జిగురు పూసే బల్ల దగ్గర ఆరేళ్ళుగా పని. ఇప్పుడు దానికి నాలుగో నెల. ఆదివారం పొద్దున మా వంటింట్లోనే స్టూలు వేసి కూర్చోబెట్టాం.

"గ్లవ్స్ వేసుకుంటారా?" అంది డాక్టరమ్మ.

"ఇస్తారు. వేసుకుంటే పని సాగదు. జేబులో పెట్టుకుని, సూపర్‌వైజరు వచ్చినప్పుడు తొడుక్కుంటాం."

"కిటికీలున్నాయా?"

"ఉన్నాయి, మూసి ఉంటాయి. తెరిస్తే దుమ్ము పడి జిగురు పాడైపోతుందంట. మేం పాడైపోయినా పర్లేదు."

"ఎన్ని కాన్పులు?"

"ఇంకా ఒక్కటీ కాలేదు డాక్టరమ్మా. సున్నా వేసుకోండి."

ఆవిడ సున్నా వేసి పేజీ తిప్పింది. నా చేతిలో గరిట ఆగిపోయింది. మూడేళ్ళ కిందట ఒకటి, నిరుడు ఇంకొకటి. రెండూ మూడో నెల దాటలేదు. ఆ రెండుసార్లూ ఆస్పత్రిలో దాని తల నా ఒళ్ళోనే ఉంది.

"సున్నా ఏంటే?" అన్నాను.

"నువ్వూరుకో అక్కా. ఆవిడ అడిగింది కాన్పులు. అవి కాన్పులా? నిలవనే లేదు." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "ప్రశ్న సరిగ్గా చదివి జవాబు రాయమని చిన్నప్పుడు నెత్తి మీద మొట్టింది నువ్వే కదా!"

అసలు కాగితంలో ఉన్న మాట 'గర్భాలు'. 'కాన్పులు' అంటే ఇంట్లో మాటలా ఉంటుందని దాన్ని కొట్టేసి రాసింది నేనే. బిడ్డ పుడితేనే కదా కాన్పు! పోయినవెన్నో తెలుసుకుందామని బయల్దేరి, ఇరవై మూడు ఇళ్ళలో పోయినవాటినే వదిలేశాం.

పొయ్యి ఆపి, ఆ మాటా, చెల్లికి రెండు పోయిన సంగతీ చెప్పాను. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "నేనూ చదివాను కదక్కా, నాకూ తట్టలేదు" అని, చెల్లి వైపు తిరిగింది. "రెండు పోయాయంటే నిన్ను జిగురు బల్ల నుంచి మార్చమని ఇవాళే ఉత్తరం రాస్తాను. ఫ్యాక్టరీ వాళ్ళు అలా పోయినవాళ్ళను మార్చడానికి ఒప్పుకునే మమ్మల్ని రానిచ్చారు. సున్నా ఉంటే మాత్రం రాయలేను."

"వద్దు, సున్నాయే ఉంచండి."

"అదేం బుద్ధే?" అన్నాను.

"రాస్తే... ఆ బల్ల దగ్గర నిలబడి నేనే పోగొట్టుకున్నట్టు కదా." చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"అలాగని ఎవరన్నారు?" అంది డాక్టరమ్మ. "జిగురు వల్ల కావచ్చు, కాకపోవచ్చు. నాకే తెలీదు. తెలిస్తే ఈ కాగితాలెందుకు? నువ్వు చేసింది నీ పని. కిటికీలు మూసింది నువ్వు కాదుగా."

చెల్లి నా వైపు చూసింది. ఎవరికీ చెప్పనిది చెప్పేశాను. "ఆ ఇద్దరికీ నేను పేర్లు కూడా అనుకున్నానే."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు ఆ ఊసెత్తితే కదా."

"ఏం పేర్లు?"

"ఇప్పుడు కాదులే, ఏడుస్తావు."

"నువ్వు అనుకున్న పేర్లేగా, నోరు తిరగనివే అయ్యుంటాయి. పిల్లలు బళ్ళో రాసుకోలేక చచ్చేవాళ్ళు." అలా అంటూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "దీంతో మూడు డాక్టరమ్మా. మూడు వేసుకోండి" అంది.

మంగళవారం నుంచి దాన్ని లేసులు ఎక్కించే బల్లకు మార్చారు. అక్కడ జిగురు లేదు, ఒక కిటికీ తెరిచే ఉంటుంది. "నిద్ర ముంచుకొస్తోందక్కా, అక్కడివాళ్ళకు కబుర్లే రావు" అని రోజూ ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టడం లేదు.

ప్రశ్న మళ్ళీ రాశాను: "ఇప్పటిదాకా ఎన్నిసార్లు కడుపుతో ఉన్నారు? నిలిచినవీ, నిలవనివీ అన్నీ చెప్పండి." ముందు చెల్లికి చదివి వినిపించి, అది సరేనన్నాకే ప్రింటుకిచ్చాం.

తప్పు నాది కాబట్టి ఈసారి డాక్టరమ్మ వెంట నేనూ వెళ్ళాను. మొదటి ఇంటావిడ పోయిన నెల గుమ్మంలో నిలబడే "రెండు కాన్పులు, ఇద్దరూ మగపిల్లలే" అని గబగబా చెప్పి పంపేసిందట. ఇప్పుడు ప్రశ్న చివరిదాకా విన్నది. లోపల పిల్లలు ఆడుకుంటున్న గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, మా కోసం చాప పరిచింది.

"కూర్చోండి, చెబుతాను" అంది.