అరగంట కునుకు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక పరుపుల షాపు, జనం చూడ్డానికి పరిచిపెట్టిన పదకొండు పరుపులు, నలుగురు పనివాళ్ళు. క్యాషియరమ్మ, ఇద్దరు హమాలీలు, మా బావమరిది. పరుపు అమ్మడం తెలిసినవాడు వాడొక్కడే. నేను నోరు విప్పానంటే కొనడానికొచ్చినవాళ్ళు కూడా వాన వెలిసిందో లేదో చూసుకుని వెళ్ళిపోతారు.

అలాంటివాడు ఒక సోమవారం నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బావా, ఎదురుగా అద్దాల మేడలో ఉన్న కంపెనీవాళ్ళు నన్ను రమ్మంటున్నారు. మధ్యాహ్నం కునుకు తియ్యడానికి గది ఉందట. పుట్టినరోజుకి సెలవట. మన దగ్గర ఏముంది?"

"నేను లేనట్రా?"

"అదే కదా నేను చెప్పేది."

వాడు పోతే షాపు మూతే. మా ఆవిడకి మొహం ఎలా చూపించాలన్నది ఇంకో బెడద. గబగబా లెక్క వేసుకున్నాను. పుట్టినరోజులకు సెలవిస్తే ఏడాదికి నాలుగు రోజులు పోతాయి. కునుక్కి పైసా ఖర్చు లేదు, పరుపులు ఎలాగూ ఖాళీగా పడున్నాయి. వెంటనే కాగితం మీద రాసి గోడకు అంటించాను: 'భోజనం తర్వాత అరగంట కునుకు. అరగంట నిండేదాకా పడుకున్నవారిని ఎవరూ లేపరాదు.' రెండో వాక్యం మా బావమరిది పట్టుబట్టి రాయించాడు.

"నీ సంగతి నాకు తెలుసు బావా" అన్నాడు.

మర్నాడు నలుగురూ తలో పరుపూ ఎక్కారు. వాడు మాత్రం తీరిగ్గా తిని ఆలస్యంగా పడుకున్నాడు. మిగతా ముగ్గురూ లేచినా వాడింకా నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. అప్పుడొచ్చింది ఒక టీచరమ్మ. నేను మాట్లాడబోతే ఊరుకోమన్నట్టు వేలు చూపించింది.

"ఎంత హాయిగా పడుకున్నాడండీ! మావారికి మూడేళ్ళుగా కంటిమీద కునుకు లేదు. ఈ పరుపు ఇచ్చెయ్యండి."

"ఇలాంటిదే కొత్తది లోపల..."

"ఇలాంటిది కాదు. ఇదే."

బిల్లు రాశాను. వ్యానెక్కించమని హమాలీలకు చెప్పి, ఫోన్ మోగుతుంటే లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పరుపు లేదు. బావమరిదీ లేడు. వాడి చెప్పులు మాత్రం ఉన్నాయి.

హమాలీలు ఖాళీ వ్యానుతో తిరిగొచ్చారు.

"మనిషినెందుకు మోసుకుపోయార్రా?"

"అప్పటికింకా పన్నెండు నిమిషాలుంది కదండీ" అంటూ పెద్దవాడు గోడవైపు చూపించాడు. "రాసింది మీరే."

"టీచరమ్మ ఏమీ అనలేదా?"

"మెట్లు జాగ్రత్త, లేస్తాడేమో అంది."

బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. టీచరమ్మ గుసగుసగా మాట్లాడింది.

"ఇప్పుడు లేపకండి బాబూ. మావారు కూడా ఆ పక్కనే పడుకున్నారు. మీవాడి గురక విని తనూ అందుకున్నారు."

చెప్పులు పట్టుకుని పరుగెత్తాను. ఈ దెబ్బతో వాడు అద్దాల కంపెనీలో తేలడం ఖాయం అనుకున్నాను. వెళ్ళేసరికి వాడు లేచి, వాళ్ళ గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"బావా, అద్దాల కంపెనీలో వారానికోరోజు ఇంటి నుంచి పని చెయ్యొచ్చట."

"అయితే?"

"మన దాంట్లో పరాయివాళ్ళ ఇంటి నుంచి కూడా చెయ్యొచ్చు. నేనెక్కడికీ పోను."

టీచరమ్మ వీధి వీధంతా చాటింది. నెల తిరిగేసరికి లెక్క ఇదీ. పదకొండు పరుపులూ పోయి కొత్తవి వచ్చాయి, అవీ పోయాయి. అద్దాల కంపెనీ కునుకు గదిలో అంతవరకూ కుర్చీలే ఉండేవట, అక్కడికీ ఆరు వెళ్ళాయి. పనివాళ్ళు నలుగురికి నలుగురూ ఉన్నారు, కాకపోతే అందులో ఒకడు ఎప్పుడూ ఎవరింట్లోనో నిద్రపోతుంటాడు. నా వంతుకొచ్చిన కునుకు సున్నా. అందరూ పడుకుంటే గల్లా దగ్గర ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి కదా.