సగానికి మరిగిన నీళ్ళు

"పరీక్షల నాడే నీకు జెరమొస్తే ఎట్ల బిడ్డా?" అన్నది ఉప్పలమ్మ.

పదో తరగతి పరీక్షలకు ఇంకా నలభై రోజులున్నాయి. కరుణకు జ్వరం కాదు గదా, జలుబు కూడా లేదు. రేకుల ఇంటి ముందు పందిరి కింద మంచంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏదో గొణుక్కుంటోంది.

"వస్తే గోలేసుకొని పోత. నువ్వు పుస్తకం వట్టు."

"గోలీ వడకపోతేనో?"

"అమ్మా!"

ఉప్పలమ్మ నోరు మూసుకుని పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. ఇది బెంజమిన్ సారు పెట్టిన పద్ధతి. జీవశాస్త్రం బట్టీ పట్టొద్దు, రోజుకో పాఠం ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పజెప్పండి, విన్నవాళ్ళకు అర్థమైతేనే మీకు వచ్చినట్టు అన్నాడు. కరుణ తండ్రి యాదయ్య పొద్దున్నే గొర్రెలు తోలుకుని పోతే పొద్దుగూకినాకే ఇల్లు చేరతాడు. ఇక మిగిలింది తల్లి. ఉప్పలమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తెలుగు పేజీ మీద వేలు పెట్టి నిదానంగా చదువుకుంటే ఆమెకు అర్థమవుతుంది. ఆ అర్థం కావడమే ఆమె ప్రాణం మీదికొచ్చింది.

ఎందుకంటే ఉప్పలమ్మది ముందే భయం పుట్టుక. మబ్బు పడితే పిడుగు, బస్సు ఆలస్యమైతే బోల్తా, ఫోను మోగితే చావుకబురు. ఇప్పుడు పాఠానికొక భయం కొత్తగా వచ్చి చేరుతోంది. గుండె పాఠం విన్ననాడు పూటంతా ఎడమచెయ్యి మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఒంట్లో కోట్ల కణాలున్నాయని తెలిసిననాడు, ఇన్ని గదుల్లో ఏ గదిలో ఏ రోగం దాక్కుందోనని దిగులుపడింది. రాత్రిపూట చెట్లు కూడా మనలాగే ఊపిరి తీసి చెడుగాలి వదులుతాయని విన్న సాయంత్రం, వేపచెట్టు కింది మంచాలన్నీ బయటికి ఈడ్చింది.

"మా తాతలందరు చెట్టు కిందనే పండిండ్రు. ఒక్కడన్న సచ్చిండానే?" అని నవ్వాడు యాదయ్య.

"అందరు సచ్చిండ్రు గద," అన్నది ఉప్పలమ్మ.

ఆ మాటకు కరుణ పడిపడి నవ్వింది. నవ్వుతూనే చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల ఎప్పుడు నవ్వినా అంతే. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడ సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చలు. బడిలో తీసిన ఫోటోలో పిల్లలందరూ పళ్ళు కనబడేలా నవ్వితే కరుణ మాత్రం పెదవులు బిగబట్టి, ఎవరి మీదో అలిగినట్టు నిలబడింది.

ఈ ఆదివారం ముందు ఆకు పాఠం అడిగింది తల్లి.

"కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంది?"

"ఆకు వంట జేసుకునుడు. ఎండ పొయ్యి. నీళ్ళు ఏర్లకెల్లి వస్తయి, గాలి ఆకు మీది సన్న తూట్లకెల్లి పోతది. ఆకుపచ్చ రంగు గా రెండిటిని కలిపి చక్కెర జేస్తది."

"బియ్యం లేకుండ, కట్టెలు లేకుండనా? మన ఇంట్ల గొర్లకు బదులు ఆకులు పుడితే బాగుండు."

"గట్ల రాస్తే మార్కులెయ్యరు. తర్వాతది అడుగు."

తర్వాతది పళ్ళ పాఠం. దాంతోపాటు సారు విడిగా ఇచ్చిన కాగితం ఒకటి పుస్తకంలో మడిచి ఉంది. విప్పితే పైన రెండు దవడల బొమ్మ. పిల్లలు అద్దంలో చూసుకుని, తమకు ఫ్లోరైడు గార ఉన్న పళ్ళను గోధుమరంగు పెన్సిలుతో దిద్దాలట. కరుణ ముందువి చాలా దిద్దింది. చిట్టచివర, దవడకు రెండేసి చొప్పున నాలుగు పళ్ళు కూడా దిద్దింది. వాటి పక్కన ఎర్రసిరాతో ప్రశ్న గుర్తు ఉంది. బొమ్మ కింద గుండ్రటి అక్షరాలతో కరుణే రాసింది: 'ఒకటో తరగతి నుండి మేము నల్లా నీళ్ళు తాగుతున్నాము. మా అమ్మ మరగబెట్టి ఇస్తుంది.'

"గీ ఎర్రగీత ఏంది బిడ్డా? తప్పు రాసినవా?"

"తప్పు గాదు. సారుకే సమజ్ గాలేదట. కింద ప్రశ్నలున్నయి, గవి అడుగు."

ఉప్పలమ్మ వేలు కిందికి జరిపింది. "ఫ్లోరైడు ఉన్న నీటిని మరిగించిన..." అక్కడ ఆగింది. వేలు వెనక్కి జరిపి మళ్ళీ మొదలుపెట్టింది. "మరిగించినచో తాగుటకు పనికివచ్చునా?"

"పనికిరాదు," అన్నది కరుణ, కళ్ళు మూసుకునే. "మరిగిస్తే పురుగులు సస్తయి గని ఫ్లోరైడు ఎటు వోదు. నీళ్ళు ఆవిరై పోయిన కొద్దీ అది ఇంక చిక్కగైతది. సమజైందా?"

తల్లి ఆ ప్రశ్న కింద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది.

"గిట్ల సూడు. చారుల ఉప్పు ఎక్కువైతే మల్ల మరగబెడ్తవా? మరిగితే ఇంక ఉప్పగైతది గద. నువ్వేం జేస్తవు, నీళ్ళు పోస్తవు. గంతే సంగతి."

అంతే సంగతి. చారు సంగతి ఉప్పలమ్మకు ఒకరు చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా చారు కాస్తోంది.

"కండ్లు గుంజుతున్నయి బిడ్డా, రేపు సూద్దాం," అని పుస్తకం మూసింది.

వంటింట్లో పొయ్యి మీద తపేలా ఉంది. అందులో నీళ్ళు మూత కింద కుతకుతలాడుతున్నాయి.

కరుణ ఒకటో తరగతిలో ఉండగా ఊళ్ళోకి నల్లాలొచ్చాయి. మొదటి వారం నీళ్ళు కాస్త మట్టిరంగులో, మందు వాసనతో వచ్చాయి. అదే వారం పక్కింటి అరుణమ్మ మనుమడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని, రామన్నపేట దవాఖానలో రెండు రోజులు సెలైను ఎక్కించారు. పిల్లవాడు జాతరలో తిన్న మిఠాయికి అలా అయిందని అరుణమ్మే చెప్పింది. ఉప్పలమ్మ చెవికి అది ఎక్కలేదు. ఎక్కడో కృష్ణమ్మ దగ్గర బయలుదేరి, ఇన్ని పైపుల్లో, ఇన్ని ఊళ్ళ కింద నుంచి వచ్చే నీళ్ళలో ఏముందో ఎవరు చూశారు? బోరింగు నీళ్ళంటే కళ్ళముందే, కాళ్ళ కింది నుంచే వస్తాయి.

ఆ బోరింగుకే ఏనాడో ఎర్రరంగు పూసిపోయారు, ఈ నీళ్ళు తాగొద్దని. ఎర్రరంగును ఉప్పలమ్మ లెక్కచేయలేదని కాదు. అందరికంటే ఎక్కువ లెక్కచేసింది. అందులో పురుగులున్నాయి కాబోలు, గట్టిగా మరగబెడితే చస్తాయి అనుకుంది. అందరూ ఒక పొంగు రానిస్తే తాను తపేలాడు నీళ్ళు సగానికి వచ్చేదాకా మరిగించింది. భయం ఎక్కువైన రోజుల్లో ఇంకా కిందికి దిగనిచ్చింది. కోడి కూసే వేళకు ఒక్కతే ఆ బోరింగుకే పోయి రెండు బిందెలు కొట్టుకుని వచ్చేది. యాదయ్యకు చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. దవాఖాన నుంచి ఇంటింటికీ వచ్చి అడిగిన మనిషికి, "నల్లా నీళ్ళే మేడం, అవి కూడ కాంచుతున్న," అని చెప్పింది. తొమ్మిదేళ్ళ పాటు తన చేతులతో గ్లాసులో పోసి, చల్లార్చి, "తాగు బిడ్డా, ఇంకిన్ని తాగు," అని పోసింది.

పొయ్యి కట్టేసి తపేలా పెరట్లోకి మోసుకుపోయి కుమ్మరించింది. కుమ్మరిస్తే అడుగున గిన్నెకు అంటుకున్న తెల్లటి పెచ్చు కనబడింది. వారం వారం చింతపండు పెట్టి తోమిన పెచ్చే అది. ఒక్కనాడూ ఇది ఎక్కడిదని అడగలేదు.

వీధి చివర, ఎముకలు బిగుసుకుపోయిన గుర్వయ్య తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో పిలిస్తే చూడడానికి మెడ ఒక్కటే తిరగదు ఆయనకు, నడుము దాకా మనిషంతా తిరగాలి. ఉప్పలమ్మ చూపు తిప్పుకుంది.

మర్నాటి నుంచి బిందెల్లో నల్లా నీళ్ళు పట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే ఇది ఇలా సర్దుకుపోతే ఎంత బాగుండునని రోజంతా అనుకుంది.

సాయంత్రం స్పెషల్ క్లాసు నుంచి వచ్చి కరుణ గ్లాసు ఎత్తి తాగి, మళ్ళీ గ్లాసులోకి చూసింది.

"నీళ్ళు మారినయానే అమ్మా?"

"మారుడేంది?"

"బడి నీళ్ళ లెక్కున్నయి. మన నీళ్ళు గింత సప్పగుండయి గద."

'ఇయ్యాల మరగబెట్టలే, గందుకే' అనే మాట ఉప్పలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, పిల్ల నమ్ముతుంది. తొమ్మిదేళ్ళు నమ్మింది. మంచం మీద పుస్తకంలో నుంచి ఆ కాగితం అంచు కనిపిస్తోంది. 'మా అమ్మ మరగబెట్టి ఇస్తుంది.' ఎంత గొప్పగా రాసుకుంది!

"ఇవి నల్లా నీళ్ళు బిడ్డా," అన్నది. "ఇన్నేండ్లు నీకు నల్లా నీళ్ళు పొయ్యలే. బోరింగుయి వోసిన. గా ఎర్రరంగు బోరింగుయే. సగానికి మరిగిచ్చి వోసిన."

కరుణ గ్లాసు కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"నాయినకు ఎరుకేనా?"

"ఎరుక లేదు."

కరుణ లేచి గొర్రెల దొడ్డివైపు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు పిల్ల తిన్నది, బడికి పోయింది, పిలిస్తే వచ్చింది, చెప్పిన పని చేసింది. మాట్లాడలేదు. పాఠం తల్లికి అప్పజెప్పలేదు. దొడ్డిలో తల్లులు మేతకు పోగా మిగిలిన గొర్రెపిల్లల ముందు నిలబడి అప్పజెప్పింది. తడిక ఇవతల ఉప్పలమ్మకు అంతా వినబడుతూనే ఉంది. "పండ్ల మీది పింగాణి ఒక్కపారి తయారైతే మల్ల తయారు గాదు," అని పిల్ల గొంతు. చేట పట్టుకున్న చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఏందే, బిడ్డ గొర్రెపిల్లలకు సదువు జెప్తాంది? నీకన్న అవే నయమన్నదా?" అన్నాడు యాదయ్య కర్ర మూలకు పెడుతూ.

ఉప్పలమ్మ అప్పుడే, అక్కడే, ఆయనకూ చెప్పేసింది. ఏదో ఒకటి అంటాడని, కనీసం అరుస్తాడని తల వంచుకుని నిలబడింది. యాదయ్య ఈమధ్య పట్టేస్తున్న మెడ వెనక చెయ్యి వేసి నిమురుకున్నాడు.

"నన్నొక్క మాట అడిగితే ఏమైతుండే?" అన్నాడు. అంతే. ఇంకేమైనా అంటే బాగుండేది.

నాలుగో రోజు సాయంత్రం కరుణ వచ్చేసరికి ఉప్పలమ్మ పందిరి కింద మంచంలో పుస్తకం విప్పుకుని కూర్చుని ఉంది. పిల్ల వచ్చి మంచం ఆ చివర కూర్చుని షూ విప్పుకోసాగింది.

"పత్రరంధ్రాల పని ఏంది?" అని అడిగింది ఉప్పలమ్మ.

కరుణ మొదటి షూ విప్పి పక్కన పెట్టింది.

"మనిషి గుండెల ఎన్ని గదులు?"

రెండో షూ ముడి పడింది. కరుణ దాన్ని వేళ్ళతో లాగుతోంది.

"మూత్రపిండం వడపోసినంక..." ఉప్పలమ్మకు అక్షరాలు కనబడలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత పుస్తకంలో లేని ప్రశ్న అడిగింది.

"నీ పండ్లు గిట్లయింది నాతోటేనా బిడ్డా?"

ముడి ఊడింది. కరుణ షూ మంచం కిందికి తోసింది. ఎదురింట్లో ఎవరో నల్లా తిప్పారు, ఖాళీ బిందెలో ధార పడుతున్న చప్పుడు మొదలై, మెల్లగా చిక్కబడి, బిందె నిండి ఆగిపోయింది. ఊరి చివర మంద వస్తున్న దుమ్ము లేచింది. గొర్రెపిల్లలు తల్లుల వాసన పట్టి దొడ్డిలో అరుపులు మొదలుపెట్టాయి. ఉప్పలమ్మ ఒళ్ళో పుస్తకం మీద చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది. అడగకుండా ఉండాల్సింది, అనుకుంది. అవునంటే తాను ఏమైపోతుంది?

కరుణ సంచిలోంచి ఆ కాగితం తీసింది. తల్లికి దగ్గరగా జరిగి మోకాలి మీద పరిచింది. 'నల్లా నీళ్ళు' అన్న చోట కొట్టేసి, పైన 'బోరింగు నీళ్ళు' అని రాసి ఉంది. కింది వాక్యం మాత్రం అలాగే ఉంది. 'మా అమ్మ మరగబెట్టి ఇస్తుంది.'

పిల్ల వేలు బొమ్మలో ముందు పళ్ళ మీద ఆగింది.

"ఇవి నీయి గావు," అన్నది. మూడు రోజులు గొర్రెపిల్లలతో తప్ప మాట్లాడని గొంతు బొంగురుగా ఉంది. "ముందటి పండ్లు నాకు ఐదేండ్లు నిండకముందే చిగుర్ల లోపట తయారైనయి. గప్పుడు మనూర్లె నల్లానే లేదు. అందరం బోరింగే తాగినం." వేలు చివరి నాలుగు పళ్ళ దగ్గరికి, ఎర్ర ప్రశ్న గుర్తు దగ్గరికి జరిగింది. "ఇవి నల్లా వచ్చినంక గట్టివడ్డయి. తెల్లగ రావాలె, ఎట్ల పాడైనయని సారు అడిగింది గిదే. గివి నాలుగు నీయి."

"మరి బొక్కలు? గుర్వయ్య తాత లెక్క..."

"అది పుస్తకంల లేదు. దవాఖానకు వోయి అడుగుదాం. నాయిన మెడ గూడ సూపిద్దాం."

"కోపం వోయిందా బిడ్డా?"

కరుణ కాగితం మడిచి పుస్తకంలో పెట్టి, పుస్తకం తల్లి చేతుల్లో పెట్టింది.

"ఇంకా పోలే," అన్నది. "గని గా నాలుగు, నవ్వినా ఎవ్వలకు కనవడయి. మూత్రపిండం కాడ ఆగినవు. అడుగు."