గాలి మార్పుకు వెళ్లిన డబ్బాలు

ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులు డిపోల్లో బస చేశాయి. మెహ్రీన్‌కి మాత్రం ఇంట్లో కాలు నిలవలేదు. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పీకలమీదికొచ్చింది. గైడు గారు గైడ్ చేసేది గోరంత, గదమాయించేది కొండంత. ఫిబ్రవరిలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

నేలలోంచి, గోడల్లోంచి ఊరే రేడాన్ వాయువు ఇళ్లలో ఎంతుందో కొలవడం ఆమె పరిశోధన. జూలైలో తమ గల్లీతో సహా సిరిసిల్ల నుంచి రాయికల్ దాకా ఇళ్ల దూలాలకు చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు వేలాడగట్టింది. లోపల రేడాన్ జాడలు పట్టే ఓ ఫిల్ము ముక్క. మూడు నెలలు ఇంటిగాలిలోనే కదలకుండా ఉండాలి. ఆ గడువు తీరింది.

తమ్ముడు అఫ్సర్ బండి మీద కోరుట్ల దాటగానే నడిరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు.

"ఆపా, జై తెలంగాణ అను. లేకుంటే కూసోబెట్టి పప్పన్నం తినిపిస్తరు!"

"అంటే గూడ తినిపిస్తర్రా!"

గొంతెత్తి జై కొట్టి, పప్పన్నం తిని, ఎక్కిళ్లతో రాయికల్ చేరారు. బీడీలు చుట్టే గంగవ్వ ఇల్లు తళతళా మెరుస్తోంది. దూలానికి డబ్బా లేదు. మెహ్రీన్ మొహం గోడకన్నా తెల్లబోయింది.

"అవ్వా, నా డబ్బా?"

"పదిలంగుంది బిడ్డా. బతుకమ్మ పండుగని సున్నమేసినం. సామానంత ఆకిట్లకు తీసి, నీ డబ్బ జామచెట్టుకు కట్టిన."

"ముట్టద్దన్న గదా!"

"ముట్టలే. కట్టెతోటి దింపిన. ఇంట్ల తంబాకు ఘాటు గదా, మంచి గాలి తాకితే నీకు మంచి మార్కులొస్తయని గాన్నే ఉంచిన."

ఆరుబయట రేడాన్ నిలవదు. సున్నం కొట్టిన ఇంట్లో ఆమెకు సున్నా మిగిలింది.

"ఒక్కటేగా ఆపా," అన్నాడు అఫ్సర్.

ఒక్కటేనా? బతుకమ్మ గంగవ్వ ఇంటికే వచ్చిందా? ఊరూరా, ఇంటింటా సున్నమే!

"మన గల్లీల డబ్బాలకు బతుకమ్మ లేదుగా!" అన్నాడు అఫ్సర్.

మెహ్రీన్ ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. ఆగస్టంతా రంజాన్. వెంటనే అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మీ, రంజాన్‌కు సున్నమేసినప్పుడు డబ్బాలు?"

"ఫికర్ జేయకు బేటీ," అంది నూరున్నీసా గర్వంగా. "గల్లీ అందరివీ నేనే తీయించి డాబా మీద వరుసగ పెట్టించిన. ఎండ మస్తు తాకింది."

మెహ్రీన్ ఫోను పెట్టేసి, సంచిలోంచి కొత్త డబ్బా తీసింది. ఇప్పుడు కడితే జనవరికి దిగుతుంది. ఫిబ్రవరికి ఊపిరాడనంత దగ్గర.

"అవ్వా, మళ్ల సున్నం ఎప్పుడేస్తవ్?"

"తెలంగాణ వచ్చిన్నాడు! రేపో మాపో వస్తదంటున్నరు."

పొద్దున రోడ్డు మీద గొంతు చించుకుని తెలంగాణ కావాలన్న పిల్ల, దూలానికి డబ్బా కడుతూ మనసులో అల్లాను వేడుకుంది: రావాలి, కానీ జర జనవరి దాటినంక.