నెత్తళ్లు లేని నీళ్లు

చర్ల దాటాక ఆటో పోలీసు క్యాంపు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వాగు నాలుగు కిలోమీటర్లు. వనజ ఆ దూరం గూడెం ముసలాయన సీతయ్య వెనక, పశువుల బాటలో నడిచేది. ఆ పొద్దున పశువులు నడిచిన గిట్టల గుర్తులు కనిపిస్తేనే సీతయ్య బాటలో కాలు పెట్టేవాడు. లేకపోతే గూడేనికి తిరిగి వెళ్లి, పశువులను తోలేదాకా కూర్చునేవాడు. జూన్‌లో గూడెంలోని దూలయ్య వెదురు కొమ్ముల కోసం బాట దిగి పదడుగులు వేశాడు. మందుపాతర పేలి మోకాలి కింద కాలు పోయింది. దాన్ని ఎవరు పెట్టారో గూడెంలో ఎవరూ మాట్లాడరు.

వనజది బోనకల్. చేపల సర్వే ప్రాజెక్టులో అసిస్టెంటు. చేప తిరిగిన నీళ్లలో దాని పొలుసు, జిగురు, పెంట మిగులుతాయి. ఆ నీళ్లను వడపోసి, వడపోసిన కాగితాన్ని ల్యాబ్‌కు పంపితే, అందులోని డీఎన్‌ఏను బట్టి ఏయే చేపలున్నాయో చెబుతారు. వల అక్కర్లేదు.

"పట్టకుండనే చేపల లెక్క చెప్తవా బిడ్డా?" అన్నాడు సీతయ్య మొదటి రోజు. "గట్లయితే కూర గూడ ఉత్త నీళ్లతోనే ఒండుకో."

మొదటి రిపోర్టులో నెత్తళ్లు వచ్చాయి. అవి సముద్రపు చేపలు. ప్రాజెక్టు సార్ ఫోన్ చేశాడు.

"చర్ల అడవిలోకి సముద్రం ఎప్పుడొచ్చింది వనజా? ఇంకోసారి గిట్ల వస్తే ఆ సైటు తీసేస్త. సైటుతో పాటు నీ పోస్టు."

తప్పు తాను డబ్బాలో తెచ్చుకున్న నెత్తళ్ల కూరదే అనుకుంది వనజ. రెండోసారి వచ్చేముందు వారం రోజులు ఇంట్లో చేప వండలేదు. సీసాలను బ్లీచింగ్ నీళ్లతో రెండుసార్లు కడిగింది.

ఆ రోజు రేవులో ఆమె గ్లౌజులు వేసుకుంటుంటే సీతయ్య పంచె ముడి విప్పి గుప్పెడు ఎండు నెత్తళ్లు తీశాడు. నీళ్లలో వేశాడు.

"ఏంది తాతా అది?"

"వాగు కాడికి ఉత్త చేతుల్తోటి రావొద్దు. దాంట్ల తింటం, దానికింత పెడ్తం. పచ్చి చేప దొరకనప్పుడు సంతల కొన్నవే."

వేయొద్దని చెప్పడానికి వనజకు నోరు రాలేదు. సీతయ్య కళ్లు మూసుకుని మొక్కుతున్నాడు. పైకి వెళితే నెత్తళ్లు కలవని నీళ్లు దొరుకుతాయి. ఆమె సీసా తీసుకుని గట్టు వెంట పైకి నడిచింది.

"బిడ్డా."

ఆమె వెనక్కి తిరిగింది. సీతయ్య రేవులోనే ఉన్నాడు. అరవలేదు.

"ఆగు. కాలు కదపకు."

వనజ కింద చూసింది. ఆకులు. గిట్టల గుర్తు ఒక్కటీ లేదు. ఎంత దూరం వచ్చిందో అప్పుడు తెలిసింది. వెనక కూడా ఆకులే. తన అడుగులు ఎక్కడ పడ్డాయో కనిపించడం లేదు.

"తాతా, నువ్వు రా."

"నేనొస్తె ఇద్దరం పోతం."

కుడికాలు వణకడం మొదలైంది. ఆ వణుకుకే పేలుతుందేమోనని తొడను చేత్తో పట్టుకుంది. గ్లౌజులో చెమట వేళ్ల చివరకు దిగింది. ఇంట్లో పాప స్కూలుకు పోయే టైమైంది. జడ వేసిందెవరో.

"నీళ్లలకు దిగు," అన్నాడు సీతయ్య. "వాగుల మందుపాతర పెట్టరు. వరదకు నిలవదు. దూలయ్యను నీళ్లలకెల్లే మోసుకొచ్చినం."

నీళ్లు ఒక్క అంగ దూరం. మధ్యలో ఆకులు. వనజ కాలెత్తింది, మళ్లీ అక్కడే పెట్టింది. రెండోసారి ఎత్తి, దాటింది. నీళ్లలో మోకాళ్ల మీద పడింది. చాలాసేపు లేవలేదు.

తర్వాత సీసా మూత తీసి, చేయి ముందుకు చాపి, ఎదురొచ్చే నీళ్లు పట్టింది. రాళ్ల మీదుగా వాగులోనే రేవుకు వచ్చింది.

"ఎందుకు పోయినవ్?"

చెప్పింది. సీతయ్య ఆమె వైపు చూశాడు.

"గంతేనా? చెప్తె నువ్వు పట్టుకున్నంకనే ఏస్తుంటి గద."

ల్యాబ్ పద్నాలుగు రకాల చేపలు చెప్పింది. నెత్తళ్లు లేవు. ఇక ప్రతిసారీ ఆ చోటే తీయమన్నాడు సార్. రేవులోనే తీస్తానంది వనజ. ఎందుకో చెప్పింది. సార్ సరేనన్నాడు.

తర్వాతి నెల సీతయ్య నెత్తళ్లు పిడికిట్లో పట్టుకుని, ఆమె మూడు సీసాలు నింపేదాకా నిలబడ్డాడు.

"అయ్యిందా?"

"అవ్ తాతా."

అతను నెత్తళ్లు నీళ్లలో వేశాడు. వనజ తలెత్తింది. పైన గట్టు మీద గుంట ఉంది. చుట్టూ మట్టి ఎగిరి పడి ఉంది. పోయిన నెల అది లేదు.

"ఏంది తాతా అది?"

"పంది తొక్కింది. మొన్న."

వనజ నిలబడ్డ చోటు నుంచే కళ్లతో కొలిచింది. గుంట దాకా పదిహేడు అడుగులు. ఆ రోజు తాను ఆగింది దాన్ని దాటి, ఇంకా పైన.