పన్నెండింటి దాకా యుద్ధం

బడి ఆయమ్మ పొద్దున్నే గదులు ఊడ్చి, నల్లబల్లలు తుడిచి, చివర్లో వరండాలో వేలాడే ఇనుప గంట దుమ్ము దులిపేది. రెండేళ్లుగా దులపడమే, కొట్టడం లేదు. యుద్ధం మొదలైన వారంలోనే సైన్యంవాళ్ళొచ్చి సుత్తి పట్టుకుపోయారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఆ బడిలో చదివినవాళ్ళు ఎంత దూరంలో ఉన్నా ఆ గంట వినిపిస్తుంది. సాయంత్రం బడి వదిలేటప్పుడు కొట్టే ఇంటి గంట మోగిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఇంటిముఖం పడతారు. ఇక్కడే చదివిన పళ్ళ డాక్టరైతే పేషెంటుని తెరిచిన నోటితోనే వదిలేసి వెళ్ళిపోయేవాడు. అందుకే మధ్యాహ్నం దాటాక ఆయన దగ్గర ఎవరూ పన్ను పీకించుకునేవారు కాదు. యుద్ధం మొదటి వారంలో ఓ సాయంత్రం ఆ గంట విని ఒక దళంలో సగంమంది తుపాకులు కింద పెట్టి నడిచొచ్చేశారు.

ఆ రోజు యుద్ధం ముగించడానికి రెండువైపుల సేనానులు ఈ బడికే వచ్చారు. ఊళ్ళో పైకప్పు మిగిలిన పెద్ద గది ఐదో తరగతిదే మరి. లక్షమందిని మట్టిలో కలిపిన ఆ పెద్దమనుషులు ముందుగా తేల్చుకున్నది కుర్చీల సంగతి. ఓడినాయన కుర్చీ గెలిచినాయన కుర్చీకన్నా రెండంగుళాలు పొట్టిగా ఉండాలట. తర్వాత ‘లొంగిపోతున్నాం’ అన్న మాట నచ్చలేదని ఓడినాయన అలిగాడు. ‘పోరు విరమిస్తున్నాం’ అని మార్చి గుమాస్తా మళ్ళీ టైపు కొట్టాడు. తొమ్మిదింటికి ఇద్దరూ సంతకాలు పెట్టి టీ తాగారు.

కప్పులు తీయడానికి వెళ్ళిన ఆయమ్మ గుమాస్తాని అడిగింది. “అయిపోయినట్టేనా బాబూ? మావాడు వచ్చేస్తాడా?”

ఆమె ఒక్కగానొక్క కొడుకు గెలిచినాయన సైన్యంలో, నది ఒడ్డున ఉన్నాడు.

“పన్నెండింటికి అయిపోతుందమ్మా.”

“సంతకాలు అయ్యాయిగా?”

“పన్నెండైతే చరిత్రలో రాసుకోడానికి బాగుంటుందన్నారు పెద్దాయన. ఫోటోలవాళ్ళు కూడా అప్పటికి గానీ రారు.” గుమాస్తా గొంతు తగ్గించాడు. “నది ఒడ్డు దళం పదకొండింటికి కొండెక్కాలి.”

“కొండమీద ఏముంది?”

“అవతలివాళ్ళ మరతుపాకులు తప్ప ఏమీ లేదు. అది పట్టుకుంటే పటంలో గీత తిన్నగా వస్తుందట.”

ఆయమ్మ నేరుగా గెలిచినాయన ముందుకెళ్ళి నిలబడింది. “అయ్యా, యుద్ధం అయిపోయింది కదా. పిల్లల్ని ఇంకా కొండెందుకు ఎక్కించడం?”

ఆయన పతకాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు. “ఇవి నీకు అర్థమయ్యేవి కావు. కప్పులు తీసుకెళ్ళు.”

ఓడినాయన కూడా అవునని తలూపాడు. రెండేళ్లలో వాళ్ళిద్దరికీ మాట కలిసింది అదొక్కసారే.

ఆయమ్మ కప్పులు తీయలేదు. ఒప్పందం కాగితాలమీద ఉన్న ఇనుప పేపర్‌వెయిట్ తీసుకుని వరండాలోకి నడిచింది. వెనక గాలికి కాగితాలు లేచాయి. సేనానులిద్దరూ వాటికోసం బెంచీల కింద పాకులాడుతుంటే, ఆమె కసితీరా ఇంటి గంట కొట్టింది. ఆ బడిలోనే చదివిన గుమాస్తా టైపు మిషనుకి మూత పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. పారిపోయినవాళ్ళని పట్టుకోమని ఉత్తర్వు కొట్టడానికి ఇక మనిషే లేడు.

మధ్యాహ్నానికి కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళంతా బురద, చేతిలో తుపాకి లేదు. ఆమె వాణ్ణి తడిమి తడిమి చూసుకుని బావురుమంది.

“మన బడివాళ్ళం ముప్ఫైమందిమి వచ్చేశామమ్మా. మిగతావాళ్ళకి వినబడలేదు. రమ్మని చెయ్యి పట్టుకు లాగాను. ఉత్తర్వు లేకుండా ఎలా వస్తామన్నారు. సగం దారిలో ఉండగా వెనక కాల్పులు మొదలయ్యాయి.”

సాయంత్రం రేడియో చెప్పింది. కొండ పట్టుబడింది. నష్టం స్వల్పం, పందొమ్మిదిమంది. ఒప్పందం ప్రకారం కొండని రేపు అవతలివాళ్ళకి తిరిగి ఇచ్చేస్తారు. పన్నెండింటి ఫోటో చక్కగా వచ్చిందని కూడా చెప్పింది.

“వాళ్ళకీ వినబడేలా కొట్టాల్సిందమ్మా,” అన్నాడు కొడుకు.

వాడు బతికున్నందుకు ఆమెకి పట్టరానంత సంతోషంగా ఉంది. అది వాడి కంట పడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది.