పంటితో బిగించిన ముడి

1997, చలికాలం చివర. రొట్టెల కొరతతో దుకాణాల ముందు బారులు ఇంకా తగ్గలేదు. యాంబోల్ ఊరి తోటలో మాలీ డెన్యో మాత్రం ఎప్పటిలాగే ఆరింటికి గేటు తాళం తీసి, నిన్నటి పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊడ్చి, నది వైపు బెంచీల మీది మంచు తుడిచేవాడు.

మార్చి ఒకటో తారీఖున ఇంకో పని ఉండేది. ఆల్బుకరా చెట్టు ఎక్కడికి వెళ్ళిందో చూసుకోవడం.

ఆ చెట్టు ఎన్నేళ్ళయినా మనిషి ఎత్తు దాటలేదు. ఏటా మార్చి మొదటి తెల్లవారేసరికి చోటు మారేది. ఆ రోజు ఊళ్ళో ఒకరి మణికట్టుకు ఒకరు ఎరుపు తెలుపు దారం కడతారు. వసంతానికి తిరిగొచ్చే కొంగనో, పూసిన కొమ్మనో చూసేదాకా విప్పరు. తన దారం తనే కట్టుకోవడం మాత్రం ఉండదు. కట్టే దిక్కు లేని మనిషి తోటలో ఎక్కడ కూర్చుంటే చెట్టు అక్కడికెళ్ళి నిలబడేది. జనం చూసి, ఆ మనిషికి దారాలు కట్టి, పనులకు పోయేవాళ్ళు. డెన్యో చెట్టుకు రెండు బకెట్ల నీళ్ళు పోసేవాడు.

కిందటేడు చెట్టు మరుగుదొడ్ల దగ్గర కాపలా ఉండే వెలీకా గుమ్మం ముందు నిలిచింది. సాయంత్రానికి ఆమె చేతికి మోచేతిదాకా దారాలే.

ఈసారి చెట్టు డెన్యో పనిముట్ల గది తలుపుకు అడ్డంగా ఉంది.

భార్య పోయాక ఆరేళ్ళు అక్క వచ్చి దారం కట్టేది. క్రిస్మస్ ముందు అక్కా పోయింది. ఆ పొద్దున డెన్యో దారం ఒక కొస పళ్ళతో పట్టి తనే ముడి బిగించుకుని, చొక్కా చేతి కిందకి తోసేసి వచ్చాడు.

"నాకెవరూ లేరని నీకెవరు చెప్పారే?" అన్నాడు చెట్టుతో. "ముప్పై ఏళ్ళు నీళ్ళు పోసినందుకు ఊరంతా చూసేలా ఇక్కడ నిలబడతావా?"

ఎనిమిదింటికి జనం వస్తారు. మొగ్గ వేసిన చెట్టును కదపకూడదని కొత్త మాలీలందరికీ చెప్పినవాడే, పక్కకి ఒదిగి గదిలో దూరి పార తెచ్చాడు. తల్లివేరు ఎంతకీ ఊడిరాలేదు. గొడ్డలితో నరికాడు. చెట్టును తోపుడుబండి మీద నది వైపుకి తీసుకెళ్ళి, ఎవరూ కూర్చోని బెంచీ పక్కన పాతి మట్టి తొక్కాడు.

చదరంగం ఆడేవాళ్ళు వచ్చి చూశారు.

"ఈ ఏడు ఒంటరివాళ్ళే లేరన్నమాట," అన్నాడు ఒకడు.

"ఆ బెంచీ పావురాలది కదరా. వెళ్ళి వాటి కాళ్ళకి కట్టిరా," అన్నాడు ఇంకొకడు. నవ్వుకుని ఆటకి కూర్చున్నారు.

వెలీకా ఫ్లాస్కులో టీ తెచ్చింది. డెన్యో బూట్ల వైపు చూసింది.

"నేలంతా గడ్డకట్టి ఉంటే నీ బూట్లకు అంత మట్టేంటి?"

"పని చేశాను."

"ఏదీ, చెయ్యి చూపించు."

"నీకెందుకు? పో, నీ గుమ్మం దగ్గర జనం నిలబడి ఉన్నారు."

"ఆపుకుంటార్లే. ఆపుకోలేకపోతే పొదలున్నాయి." అతని చొక్కా చెయ్యి పైకి లాగి ముడి చూసింది. వేలితో దాన్ని తడిమింది.

"పంటితో లాగితే ముడి ఇలాగే పక్కకి పోతుంది," అంది. "నాదీ నాలుగేళ్ళు ఇలాగే ఉండేది."

ఆ దారం తెంపేసి, జేబులోంచి ఇంకోటి తీసి కట్టింది. డెన్యో చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రేపట్నుంచి టీ ఇక్కడే తాగుతాను. కుర్చీ ఉందా?"

"ఒకటే ఉంది."

"అయితే నువ్వు నిలబడు."

ఆకులు రాలే వేళకు వెలీకా గిన్నెలు డెన్యో ఇంటికి చేరాయి. రెండో కుర్చీ కూడా వచ్చింది.

చెట్టు ఆ వసంతంలో రెండే కొమ్మలు పూసింది. డెన్యో రోజుకు మూడుసార్లు నీళ్ళు పోశాడు, వేరు చుట్టూ ఎరువు వేశాడు, చలికాలంలో గోనెసంచి చుట్టాడు. మరుసటేడు మార్చి ఒకటిన చూస్తే అది పాతినచోటే ఉంది.

"ఈ ఏడు కూడా ఎవరూ లేరు," అన్నారు చదరంగం వాళ్ళు. డెన్యో తల దించుకుని పొట్టు ఊడ్చుకున్నాడు.

మార్చి పదకొండున, ఎంత పిలిచినా తియ్యకపోతే, గడియారాలు బాగుచేసే ఒంటరి మిత్యో ఇంటి తలుపు పగలగొట్టారు. రోజూ తోటలో బ్యాండు మండపం పక్క బెంచీ మీద కూర్చునేవాడు. చనిపోయి తొమ్మిది రోజులైంది. చేతికి దారం లేదు.