మోకాలెత్తు గోడ

సుంకమ్మ పొద్దున లేస్తూనే గోడ చూసుకునేది. ఊళ్లో తక్కిన ఆడవాళ్లు కసువు ఊడ్చి, కళ్లాపి చల్లి, పొయ్యి రాజేసుకుంటారు. ఈవిడ మాత్రం ముందు వాకిలి గోడ ఎదుట నిలబడి, ఎవరెవరు ఇంట్లో ఉన్నారో ఎవరెవరు ఊరి మీదికి పోయారో చూసుకుని, ఆనక పరక చేతబట్టేది. కోళ్లు నాలుగూ తెల్లారకముందే పోయేవి. ఏనుగుకు బద్ధకం ఎక్కువ, ఎండ ముదిరేదాకా కదిలేది కాదు. నెమలి సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే ప్రయాణం.

ఇవన్నీ ఆవిడ జాజుతో, సుద్దతో గోడమీద గీసిన బొమ్మలు. ఎర్రటి జాజురాయి నూరి, గంజిలో కలిపి, ఈతపుల్ల కొన నమిలి కుంచె చేసుకుని గీసేది. తనకల్లు దగ్గరి ఆ ఊళ్లో ఉగాదికి ముందు ప్రతి ఇంట్లోనూ గోడలు అలికి బొమ్మలు వేసేవాళ్లే. అందరి బొమ్మలూ వేసిన చోట ఉండేవి, సుంకమ్మవి ఉండేవి కావు. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి కాబట్టి, ఆ ఇంటి మీదనుంచి ఈ ఇంటికి, ఈ ఇంటి మీదనుంచి పెద్ద వీధికి తిరిగి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవి. మట్టి ఉన్నచోటికి పోతాయి, నేల మీదికి దిగవు. ఊరికి అదేం వింత కాదు. ఒకరింటి మేక ఇంకొకరి దడి తిన్నట్టే అదీను.

"సుంకక్కా, మీ ఏనుగు మా గడప పక్కన నిలబడి ఉండాది. పసుపు పెడదామంటే జాగా లేదు. తోలుకోని పో" అని పక్కింటి చౌడేశ్వరి వచ్చేది.

"కోళ్లు మా అరుగు గోడంతా గీరి పెట్టినాయి" అని ఈరన్న వచ్చేవాడు.

సుంకమ్మ తప్పు తనదేనన్నట్టు మొహం పెట్టి, వాళ్లను కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లిచ్చి, చేటలో చెనిక్కాయలు పోసేది. "ఏం చేసేదప్పా, నా మాట ఇంటే కదా" అనేది. వచ్చినవాళ్లు కాయలు ఒలుచుకుంటూ అరగంట కూర్చునేవాళ్లు. వానల సంగతి, పెళ్లిళ్ల సంగతి, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో ఆ సంగతి, అన్నీ అయ్యాక ఆవిడ తడిగుడ్డ తీసుకుని వెంట పోయేది. ఆ గుడ్డ గోడ మీద రాస్తూ ముందు నడిస్తే, తడి మట్టి వాసన పట్టుకుని బొమ్మలు వెనకే వచ్చేవి.

నిజం చెప్పాలంటే ఆవిడ ఆ బొమ్మలను కావాలనే అల్లరివిగా గీసేది. ఒంటరి మనిషి. పద్దెనిమిదేళ్లకు పెళ్లయితే ఇరవై నిండకుండానే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మతో ఉంది, ఆవిడా పోయి పదిహేనేళ్లు. పగలంతా ఎవరి చేలోనో కలుపు తీస్తుంది, సాయంత్రం ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. ఊరకనే ఎవరూ రారు, తగాదా ఉంటే వస్తారు. ఆ సంగతి సుంకమ్మ చాలా ముందే కనిపెట్టింది. రెండు రోజులు ఎవరూ రాకపోతే మూడో రోజు గోడమీద ఇంకో కోడిని వేసేది. నెమలికి తోక అంత పొడుగు పెట్టింది కూడా అందుకే, పోయినచోట ఏదో ఒకటి గెలక్కుండా రాకూడదని.

ఆ తర్వాత ఊళ్లోకి రంగులొచ్చాయి. ఒక్కొక్కరికే పక్కా ఇళ్లు మంజూరయ్యాయి. మట్టిగోడలు పోయి సిమెంటు గోడలొచ్చాయి, వాటికి నీలం, ఆకుపచ్చ, చిలకపచ్చ పూశారు. ఆ నున్నటి రంగు మీద సుంకమ్మ బొమ్మలకు కాలు నిలవదు. ఈరన్న కొత్త గోడ ఎక్కబోయిన కోడి జారి పడింది. పోయి చూస్తే కాలవలో పిడికెడు ఎర్రదుమ్ము ఉంది, అంతే. అప్పట్నుంచీ తక్కినవి భయపడి ఇల్లు కదలడం మానేశాయి. నెమలి ఒక్కటే మొండిది. చౌడేశ్వరి కొత్త ఇంటి పంచలో పాత గాదె ఒకటి పడి ఉండేది, వెదురు అల్లి పేడ మెత్తిన గాదె. ఎలా పోయేదో ఏమో, పొద్దున్నే దాని మీద ఎక్కి కూర్చునేది. గాదెతో ఎవరికీ పని లేదు కనక దాని మీద తగాదా కూడా లేదు.

ఇక సుంకమ్మ ఇంటికి ఎవరూ రాలేదు. వాళ్లకు ఆవిడ మీద కోపం ఏమీ లేదు, రావడానికి పని లేదు, అంతే. ఆవిడ చేటలో చెనిక్కాయలు పోసుకుని వాకిట్లో కూర్చునేది. ఎవరైనా వీధిన పోతూ "తిన్యావా సుంకక్కా" అంటే ఆ ఒక్క మాటనే పడుకునేదాకా మననం చేసుకునేది. మనిషికి ఇంత తక్కువ చాలునా అని తన మీద తనకే సిగ్గేసేది.

రెండువేల మూడో సంవత్సరం, వరసగా ఎండిన ఏళ్లలో అదొకటి. ఉగాది ఇంకో వారం ఉందనగా తమ్ముడు శివప్ప వచ్చాడు. కదిరిలో ఇళ్లు కట్టే బేల్దారి పని చేస్తాడు. చెడ్డవాడు కాదు. ఇంటి వెనక ఒక గది వేశాడు, అక్కను తీసుకుపోదామని వచ్చాడు.

"గచ్చు నేల అక్కా. గోడలకు తెల్లరంగు కొట్టించినా. కొళాయి ఇంటి ముందరే."

"రంగు గోడలా" అంది సుంకమ్మ.

"మరి? ఈ మన్ను పూసుకుంటా ఎన్నాళ్లుంటావు? ఈడ నీకెవరుండారు?"

సుంకమ్మ చేటలోని కాయలు తమ్ముడి ముందుకు జరిపింది. శ్రీరామనవమి వెళ్లిన మర్నాడు ట్రాక్టరు తెస్తానని చెప్పి శివప్ప వెళ్లిపోయాడు.

ఉగాది ముందు రోజు ఆవిడ ఎప్పటిలాగే ఎర్రమట్టి నానబెట్టి గోడ అలికింది. అలకడానికి ఒక పద్ధతి ఉంది. ముందు బొమ్మలన్నిటినీ ఇంటికి పిలుచుకుని, వాటి చోట్లలో వాటిని నిలబెట్టి, ఆ మీద అలకాలి. అప్పుడవి అందులో నిద్రపోతాయి. బయట ఉన్నదాన్ని వదిలేసి దాని చోటు అలికేస్తే, తిరిగొచ్చినా దానికి నిలబడే చోటు దొరకదు. అమ్మ మరీ మరీ చెప్పిన సంగతే అది. కానీ ఆ రోజు సుంకమ్మ మనసు మనసులో లేదు. వదిలిపోయే గోడకు ఎందుకు అలుకుతున్నానా అనుకుంటూనే చెయ్యి తిప్పింది. చివరి మూల అలికి చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది, నెమలి ఇంట్లో లేదని.

తడిగుడ్డ తీసుకుని చౌడేశ్వరి పంచలోకి పోయింది. అక్కడ గాదె లేదు.

"అదా, ఈ పొద్దున బోడికొండ కింది కొట్టాలనుంచి ఎవరో గొర్రెలాయప్ప వచ్చి అడిగితే ఇచ్చేస్తి అక్కా. బండి మీద ఏసుకోని పాయ. ఏమి, నీకు కావల్సి ఉండెనా?"

సుంకమ్మ ఏమీ లేదంది. ఇంటికొచ్చి, ఏ గతుకుల్లో రాలిపోయిందో అనుకుని, ఖాళీ గోడ ముందు కూర్చుని ఏడ్చింది. పండగ నాడు పచ్చడి చేసుకోలేదు. కొత్త బొమ్మ ఒక్కటి కూడా వెయ్యలేదు.

ఉగాది వెళ్లిన మూడో నాడు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, ఒక మనిషి వాకిట్లో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, భుజాన కంబళి, చేతిలో గొర్రెలు తోలే కట్టె. పేరు హనుమంతరాయుడని, కొట్టాలనుంచి వస్తున్నానని చెప్పాడు.

"మా గోడమీద ఒక నెమలి ఉండాది. నీదేనంట. వచ్చి తోలుకోని పో."

సుంకమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎన్ని నెలలైందో ఈ మాట విని.

"కూర్చో అప్పా. ఏం చేసిందది? గీరిందా?"

"గీరలేదు."

"ముగ్గు చెరిపిందా?"

"మా ఇంట్లో ముగ్గేసేవాళ్లెవరు. అది చూస్తాది."

"చూస్తే ఏమి?"

అతను చెంబెడు నీళ్లూ తాగి, చెంబు కింద పెట్టి చెప్పాడు.

"నా పెండ్లాం పోయి తొమ్మిదేండ్లు. తొమ్మిదేండ్లూ ఎవరూ చూడకుండా తింటి. ఇప్పుడు నేను సంగటి ముందర కూర్చుంటే అది మెడ తిప్పి చూస్తాది. ముద్ద దిగల్లేదు. బిన్నా వచ్చి తీసుకోని పోతే నీకు పున్నెముంటాది."

ఆవిడ చేటలో కాయలు పోసింది. అతను వద్దనలేదు. ఒలుచుకుంటూ గోడ వైపు చూసి, "ఇంత బాగా అలికి ఉత్తగా వదిలేసినావేమి" అన్నాడు. సుంకమ్మ తడిగుడ్డ చేత పట్టుకుని, "పోదాం పా, నెమలిని చూపీ" అంది.

కొట్టాలకు రెండు మైళ్లు. దారికి అటూ ఇటూ బీడు పడిన చేలు. హనుమంతరాయుడి ఇల్లు ఒక్క గది, మట్టిగోడ, మీద బోదగడ్డి కప్పు. తొమ్మిదేళ్లుగా అలుకు ఎరగని గోడ నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రెల మధ్య నెమలి నిలబడి ఉంది. బండి కుదుపులకు తోక సగం రాలిపోయింది. సుంకమ్మను చూసి మెడ వాల్చింది.

"నేను అలికేస్తినే" అంది సుంకమ్మ దానితో. "నువ్వు రాకముందే నీ చోటు అలికేస్తినే. పా, జాజుతో ఇంకో చోటు గీసిస్తా."

తడిగుడ్డతో గోడ రాస్తూ నడిచింది. నెమలి వెనకే వచ్చింది, గోడ చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ అవతల కంపదడి, దాని అవతల చేను. హనుమంతరాయుడు గాదె దొర్లించుకొచ్చి గోడకు ఆనించాడు. నెమలి రెండడుగులు వెనక్కి వేసింది. ఎంత తడిపినా మళ్లీ దాని మీదికి ఎక్కలేదు.

"ఒకసారి ఎక్కి బుద్ధొచ్చింది దానికి" అన్నాడు.

"ఈ నెర్రెల్లో అయితే రాలిపోతాది. మన్ను తడుపు, నేను మెత్తి పోతా."

అతను తొట్టిలో గొర్రెలకు దాచిన నీళ్లు ముంచుకొచ్చాడు. గొర్రెల మాటేమిటని ఆవిడ అడిగితే, పొద్దున తాగినాయిలే అన్నాడు. సాయంత్రం దాకా ఆవిడ నెర్రెలన్నీ పూడ్చి, నెమలి చుట్టూరా అలికింది. రాలిన తోకను మళ్లీ గియ్యడానికి జాజు వెంట తేలేదు. అతను మన్ను కలిపి అందించాడు. పని అయ్యాక అతను సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి రెండు తట్టల్లో పెట్టాడు. నెమలి చూస్తూనే ఉంది. ఈసారి అతనికి ముద్ద దిగింది.

"అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటావా?" అని అడిగాడు.

"నవమి తెల్లారి కదిరికి పోతాండా. మా తమ్ముడింటికి."

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"రాను. ఆడనే ఉండేది."

అతను తట్ట కడిగి బోర్లించాడు.

"మీ ఇంటిదాకా మట్టిగోడ ఉంటే అది నడిచి వస్తాదా?"

"వస్తాది. లేదు కదప్పా."

"ఎంత ఎత్తుండల్ల?"

"దానికెంత కావల్ల, మోకాలెత్తు చాలు."

హనుమంతరాయుడు తలాడించాడు. చీకటి పడకముందే ఆవిడను ఊరి పొలిమేరదాకా దిగబెట్టి వెనక్కి పోయాడు. సుంకమ్మ ఆ ఒక్క రోజునే నెమరు వేసుకుంటూ నవమిదాకా గడిపింది. అతను మళ్లీ రాలేదు. రావడానికి ఇంకేం పని ఉందిలే అని, చీరలు పెట్టెలో సర్దుకుంది.

నవమి మర్నాడు పొద్దున్నే శివప్ప ట్రాక్టరు తెచ్చాడు. పెట్టె, బిందెలు, రోలు ఎక్కించారు. చౌడేశ్వరి, ఈరన్న వచ్చి నిలబడ్డారు. శివప్ప తాడు బిగించి కడుతూ నవ్వాడు.

"దారిలో చూసినానక్కా, కొట్టాల కాడ ఎవరో పిచ్చోడు గోడ కడతాండాడు. అటు చేనే, ఇటు చేనే. దేనికీ అడ్డం లేదు, దేనికీ ఆసరా లేదు. పునాది కూడా తియ్యలేదు. బేల్దారోన్ని కదా, నాకు నవ్వొచ్చింది."

సుంకమ్మ ట్రాక్టరు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"ఎంత ఎత్తు?"

"ఎంతుందిలే, మోకాలెత్తు."

"ఏ పక్కకు వస్తాండాది?"

"ఈ పక్కకే. పది బారలు వచ్చిండాది. ఆయప్ప ఒక్కడే ఉండాడు, గొర్రెలేమో ఆ గోడ నీడన పండుకోనుండాయి."

సుంకమ్మ కాలు కిందికి దించింది.

"తాడు ఇప్పు."

"ఏమిటికి?"

"ఇప్పు శివప్పా. పెట్టె దించు."

తమ్ముడికి అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, నెమలి సంగతి, గోడ సంగతి. శివప్ప మీసం మీద వేలు పెట్టుకుని లెక్క వేశాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే కదా.

"రెండు మైళ్లు, ఒంటి మనిషి. రోజుకు రెండు బారలు కట్టినా మూడేండ్లు దగ్గర పడతాదక్కా. మధ్యలో ఒక్క వాన గట్టిగా పడితే అంతా కరిగిపోతాది."

"ఈడ వానలెప్పుడు పడినాయిరా" అంది సుంకమ్మ.

అక్క నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో శివప్పకు గుర్తు రాలేదు. రోలు తనే దించాడు.

ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఇంటి వెనక గుంతలో మన్ను తవ్వి, రెండు కడవల నీళ్లు పోసి తొక్కింది. తన గోడ చివరనుంచి, కొట్టాల దిక్కుకు, మొదటి ముద్ద పెట్టింది. మిట్టమధ్యాహ్నానికి ఒక బార అయింది. ఈరన్న వచ్చి, గోడ దారికి అడ్డమొస్తోందని, బండి ఎట్లా తిరగాలని తగాదా పెట్టుకున్నాడు.

"కూర్చో అన్నా" అంది సుంకమ్మ, మట్టి చేతులు కడుక్కుంటూ.